గుమ్మాలకి ఏ కర్ర మేలు: బర్మా టేకా, సర్టిఫికెట్ టేకా, పాత టేకా, వేపా?

ఇల్లు కట్టేవాళ్ళు సిమెంటు బ్రాండు గురించి పదిమందిని వాకబు చేస్తారు గానీ గుమ్మాలు, తలుపుల దగ్గరికొచ్చేసరికి వడ్రంగి ఏ అడితి చూపిస్తే అక్కడికెళ్ళి ఆ కర్రే తెచ్చేసుకుంటారు. అది ఏ అడవిలోది, ఎవరు కొట్టారు, కొట్టినచోట మళ్ళీ మొక్క నాటారా అని మాత్రం అడగరు. నా ఉద్దేశంలో రేటు కన్నా ముందు అడగాల్సింది అదే.

"అసలు కర్ర వాడటమే తప్పు కదా, అడవులు పోతున్నాయి, యూపీవీసీ, అదే గట్టి ప్లాస్టిక్ తలుపులు, పెట్టేసుకుంటే పోలా" అంటారు కొందరు. ప్రభుత్వం కూడా ఒకప్పుడు అలాగే అనుకుంది, 1993లో సీపీడబ్ల్యూడీ, అంటే కేంద్ర ప్రభుత్వ బిల్డింగులు కట్టే శాఖ, తన బిల్డింగుల్లో కర్ర వాడకం ఆపేసి మళ్ళీ 2020లో ఆ నిషేధం ఎత్తేసింది. ఎందుకంటే ఎండిన కర్ర బరువులో దాదాపు సగం కార్బనే, చెట్టు గాల్లోంచి లాక్కున్నదే. లెక్క వేసి చూడండి, 10 సీఎఫ్టీ (ఘనపుటడుగుల) టేకు అంటే ఎండాక సుమారు 170 కిలోలు, అంటే 300 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ మీ గుమ్మంలో, తలుపుల్లో ఉండిపోయినట్టే, ఆ తలుపు ఉన్నన్నాళ్ళూ. అదే అల్యూమినియం అయితే టన్ను తీయడానికి పద్నాలుగు వేల యూనిట్ల కరెంటు అటుఇటుగా కావాలి, మన దేశంలో ఆ కరెంటు ఎక్కువగా బొగ్గుదే. యూపీవీసీ నీళ్ళు తగిలే బాత్రూంకి బాగుంటుంది, కాదనను, కానీ దానికి కిటికీ రెక్క వంకరపోతే మన వడ్రంగి చిత్రిక పట్టి సరిచేయలేడు, మార్చాల్సిందే.

అయితే ఈ కర్ర లెక్క అంతా ఒక్క షరతు మీదే నిలబడుతుంది, కొట్టినచోట అడవి మళ్ళీ పెరగాలి. అందుకే నేను బర్మా టేకు వద్దంటాను. కర్ర గొప్పదే, నూనె ఎక్కువ, పొర సన్నగా ఉంటుంది, అందులో గొడవేం లేదు. కానీ మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచే దుంగల ఎగుమతి నిషేధించింది, అంటే అడవి ఎంత పల్చబడిందో వాళ్ళకే తెలుసు. ఆ తర్వాత 2021లో సైన్యం అధికారం లాక్కున్నాక అక్కడి ప్రభుత్వ కలప సంస్థ మీద అమెరికా, యూరప్ ఆంక్షలు పెట్టాయి, మన దేశం పెట్టలేదు కాబట్టి కోసిన సైజులు మనకి వస్తూనే ఉన్నాయి. పైగా బర్మా అని అమ్మేదంతా బర్మాది కాదు, వేరే దేశం తోటల టేకుకి కూడా ఆ పేరు పెట్టి రేటు పెంచేవాళ్ళున్నారు. అంత డబ్బు పోసి అడవిని పోగొట్టుకోవడం నాకు మనసొప్పదు.

దాని బదులు తోటల్లో పెంచిన టేకు, ఎఫ్‌ఎస్‌సీ సర్టిఫికెట్ (అడవిని పాడుచేయకుండా కొట్టిన కర్ర అని ఒక అంతర్జాతీయ సంస్థ పద్ధతిలో ఇచ్చేది) ఉన్నది. బ్రెజిల్, కొలంబియా, కోస్టారికా, ఘనా లాంటి చోట్ల ఇలాంటి తోటలున్నాయి. ఎఫ్‌ఎస్‌సీ 1993లో మొదలైంది, పీఈఎఫ్‌సీ అని ఇంకోటి 1999లో, మన కేంద్ర ప్రభుత్వం కూడా 2023 డిసెంబర్‌లో సొంతంగా ఒక స్కీమ్ తెచ్చింది. ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది ఏంటంటే, షాపు గోడ మీద ఆకుపచ్చ చెట్టు గుర్తు ఉంటే సరిపోదు. అడవి నుంచి కోత మిల్లుకి, అక్కణ్ణుంచి దిగుమతిదారుకి, అక్కణ్ణుంచి అడితికి, ఇలా చేతులు మారిన ప్రతిచోటా ఆ సర్టిఫికెట్ ఉండాలి, మధ్యలో ఒక్కళ్ళకి లేకపోయినా అక్కడితో గొలుసు తెగిపోతుంది, తర్వాతి బిల్లు మీద ఎఫ్‌ఎస్‌సీ అని రాయకూడదు. కాబట్టి బిల్లు మీద ఎఫ్‌ఎస్‌సీ హండ్రెడ్ పర్సెంటా, మిక్సా అన్నది, దాంతోపాటు అమ్మినవాళ్ళ కోడ్ నంబరు ఉండాలి. ఆ నంబరు ఎఫ్‌ఎస్‌సీ వెబ్‌సైట్‌లో కొడితే ఎవరిదో, ఇంకా చెల్లుతుందో లేదో ఫోన్‌లోనే తెలిసిపోతుంది.

ఇంకో సంగతి, ఆ సర్టిఫికెట్ అడవి గురించి చెప్తుంది గానీ కర్ర నాణ్యత గురించి చెప్పదు. ఇరవై ఏళ్ళకే కొట్టిన తోట టేకులో తెల్లచెక్క ఎక్కువ ఉంటుంది, చెద పట్టేది దానికే. దుంగ కోసేటప్పుడు దగ్గర నిలబడి తెల్ల తీసేయించాలి, చేవ, అంటే లోపలి ముదురు కర్ర, మాత్రమే గుమ్మానికి పెట్టించాలి, తేమ 12 శాతం దగ్గరికి వచ్చేదాకా ఆరనివ్వాలి. తొందరపడి పచ్చిది బిగిస్తే వానాకాలంలో తలుపు పట్టేస్తుంది, ఎండాకాలంలో సందు ఇస్తుంది, అప్పుడు అందరూ సర్టిఫికెట్ కర్రనే తిడతారు.

కానీ నన్నడిగితే వీటన్నిటికన్నా మేలు పాత టేకు. ఊళ్ళల్లో పెంకుటిళ్ళు, మండువా ఇళ్ళు కూల్చేస్తున్నారు కదా, ఆ దూలాలు, వాసాలు, స్తంభాలు చేవదేరిన కర్ర, యాభై అరవై ఏళ్ళు ఇంట్లోనే ఆరింది, ఇక వంగేది లేదు, దానికోసం కొత్తగా ఒక్క చెట్టు కూడా కొట్టక్కర్లేదు. ఇబ్బందులూ ఉన్నాయి, లోపల మేకులుంటాయి కాబట్టి కోత మిల్లువాళ్ళు రంపం పాడవుతుందని విసుక్కుంటారు, కావాల్సిన పొడవు దొరకదు, కొలతలు మనమే సర్దుకోవాలి, చీలికలు పోగా మిగిలేదెంతో కొనేముందే చూసుకోవాలి. అయినా సింహద్వారానికి అంతకంటే మంచి కర్ర కొత్తగా కొనాలన్నా కష్టమే.

పల్లెటూళ్ళో కట్టేవాళ్ళకి వేప ఉండనే ఉంది. పొలం గట్టు మీద ముదిరిన వేప చెట్టుకి ఏ సర్టిఫికెట్టూ ఉండదు, కానీ అది ఎక్కడ పెరిగిందో మీ కళ్ళ ముందే ఉంది, లారీ కూడా ఎక్కలేదు. దాని చేవకి పురుగు తొందరగా పట్టదు. అయితే సరిగ్గా ఆరకపోతే మెలిపడుతుంది కాబట్టి గుమ్మాలకి, కిటికీ ఫ్రేములకి మంచిది, పెద్ద తలుపు రెక్కకి నేను వాడను. మన పొలంలోదైనా కొట్టేముందు వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద పర్మిషన్ సంగతి ఊళ్ళో అధికారులని అడగండి, ఒక చెట్టు పోయినచోట రెండు నాటండి.

నేనైతే సింహద్వారం పాత టేకుతో చేయించుకుంటాను, గది గుమ్మాలు వేపతో, రెక్కలకి పాతది చాలకపోతే కోడ్ ఉన్న బిల్లుతో తోట టేకు, బాత్రూంకి మాత్రం యూపీవీసీ. అడ్వాన్సు ఇచ్చేముందే "బిల్లు మీద కోడ్ వేస్తారా" అని అడితిలో అడగండి, వేయం అంటూనే ఎఫ్‌ఎస్‌సీ పేరు చెప్పి ఎక్కువ రేటు అడుగుతుంటే ఆ ఎక్కువ ఇవ్వకండి.