కాలవ గట్టు షటిల్ కోర్టు, అయిదున్నర స్లాటు: నాలుగు నెలల తర్వాత నా రివ్యూ

షుగర్ బోర్డర్లో ఉందని డాక్టరుగారు చెప్పాక నేను మొదలెట్టి మానేసినవి లెక్కేస్తే వాకింగ్ 9 రోజులు, స్కిప్పింగ్ తాడు 4 రోజులు, ఫోన్లో చూసి యోగా ఒకే ఒక్క ఆదివారం. అలాంటోణ్ణి నాలుగు నెలలుగా ఒకే చోటికి వెళ్తున్నానంటే మా ఆవిడే నమ్మట్లేదు. కోర్టు అమలాపురం దగ్గర్లోనే, కాలవ పక్కన రేకుల షెడ్డు. పేరు రాయట్లేదు, కింద తిట్లు కూడా ఉన్నాయి మరి.

నెలకి మనిషికి 1200. స్లాటు నలుగురు కలిసి తీసుకోవాలి, కిటుకంతా అక్కడే ఉంది. ఒకడు ఎగ్గొడితే డబుల్స్ పోద్ది కాబట్టి మిగతా ముగ్గురూ ఊరుకోరు, ఫోన్ కొడతారు, ఎత్తకపోతే మా బావ బుల్లెట్టేసుకొచ్చి గేటు ముందు హారన్ కొడతాడు, వీధి మొత్తం లేస్తుంది. ఒకసారి వాన పడుతోంది రా అంటే "షెడ్డు లోపల కూడా పడతందేంటి బావా?" అన్నాడు. అలారమైతే ఆపుకుని పడుకోవచ్చు, వీణ్ణి ఎలా ఆపుతాం.

మొదటి రోజు వాకింగ్ బూట్లతో వెళ్తే అక్కడి కుర్రాడు గుమ్మంలోనే ఆపేశాడు, "ఆయ్, అయ్యొద్దండి, మ్యాట్ మీద గీతలడిపోతాయండి, గమ్ సోలుయి ఉండాలండి" అని. బెంచీ మీద కూర్చుని చూసొచ్చా. ఇంట్లో మాత్రం ఆడాననే చెప్పా.

ఇప్పుడు తిట్లు. మ్యాట్ పచ్చగా బానే ఉంది గానీ కింద చెక్క వెయ్యలేదు, డైరెక్టుగా సిమెంటు మీద పరిచేశారు, ఎగిరి దిగినప్పుడల్లా ఆ దెబ్బ మోకాలికే, మొదటి రెండు వారాలు మెట్లు దిగడానికి గోడ పట్టుకున్నా. ఓనరుగారిని అడిగితే "సంక్రాంతికి వేయించేద్దామండి" అన్నారు, ఏ సంక్రాంతో చెప్పలేదు. ఫ్యాన్లు వెయ్యరు, అది కరెక్టే, షటిలంటే అయిదు గ్రాముల వస్తువు, కాస్త గాలికే పక్కకి పోద్ది. కానీ మే నెల్లో ఆ రేకుల కింద ఆరింటికే బనీను పిండితే చెంబుడు నీళ్ళొచ్చాయి. లైటొకటి సరిగ్గా నెత్తి మీద, స్మాష్ కొడదామని పైకి చూస్తే కళ్ళు బైర్లే.

గోడ మీద సాత్విక్ పోస్టరుంది. మన అమలాపురం కుర్రాడే, చిరాగ్ శెట్టితో కలిసి 2023 ఏషియన్ గేమ్స్ గోల్డ్, స్మాషేమో గంటకి 565 కిలోమీటర్లని గిన్నిస్ రికార్డు. నాది నెట్టు దాటితే చప్పట్లు కొడుతున్నారు. మా హైస్కూల్ రోజుల్లో షటిల్ ఎక్కడిదిలెండి, కాలవ గాలికి నిలవదు కదా, అంతా బాల్ బ్యాడ్మింటనే, అటు అయిదుగురు ఇటు అయిదుగురు, పసుపు ఉన్ని బంతి. అది కాలవలో పడిందంటే నీళ్ళు పీల్చేసి నిమ్మకాయంత బరువెక్కేది, ఎండేదాకా ఆట బందు, పడేసినోడికి డ్రిల్లు మేష్టారి చేత వీపు మీద ఒకటి. 2001 మార్చి, మా టెన్త్ పరీక్షల నెల, మా నాన్న కేబుల్ పీకించేశారు, సరిగ్గా అప్పుడే గోపీచంద్ ఆల్ ఇంగ్లాండ్ షటిల్ టోర్నీ గెలిచాడు, లక్ష్మణ్ ఈడెన్‌లో 281 కొట్టాడు, రెండూ పేపర్లో చదువుకోడమే. ఊరంతా లక్ష్మణ్ గురించే, మేం నలుగురం మాత్రం పరీక్షలవ్వగానే షటిల్ బ్యాట్లు కొనుక్కున్నాం. ఆ నలుగురిలో ఇద్దరు ఇప్పుడు నా స్లాటులోనే ఉన్నారు. బావ అప్పుడూ అంతే, లైను అవతల జానెడు దూరంలో పడినా లోపలే అనేవాడు.

బయట ఒకాయన పనసాకు బుట్టల్లో ఉడికించిన ఇడ్లీలు, అదే పొట్టిక్కలు, అమ్ముతాడు, పొగలు కక్కుతూ. మొదటి నెల్లో అరకిలో కూడా తగ్గకపోడానికి కారణం ఆయనే. ఇప్పుడు రెండుతో ఆపుతున్నా, గెలిచిన రోజు మూడు.

5కి మూడున్నర ఇస్తున్నా, చెక్క వేయిస్తే ఇంకో అర. సాయంత్రం స్లాటు మాత్రం తీసుకోకండి, కాలవ దోమలు కూడా ఆటకొస్తాయి.