స్కూల్లో పెట్టే ఫ్రీ కళ్ల క్యాంపుతో జాగ్రత్తండీ బాబూ

ఒళ్లు మండిపోతా రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. క్యాంపు పెట్టిన కళ్లజోళ్ల కొట్టు పేరు రాయను. మీ పిల్లల డైరీలో కూడా ఆ క్యాంపు చీటీ వచ్చే ఉంటుంది, ఎవరో మీకే తెలుస్తుంది.

మా పాప రెండో తరగతి. క్యాంపులో రెండు కళ్లకీ మైనస్ 1.25 అన్నారు. పరిగెత్తుకెళ్లి 3,200 పోసి అద్దాలు చేయించా. అద్దం మీద నీలం టార్చి వేసి, నీలం వెలుతురుని ఆపే ‘బ్లూ కట్’ అంటే నోరెళ్లబెట్టి చూశా, డిగ్రీ చదివినదాన్నే మరి! పది రోజులు పిల్ల తలనొప్పి అని ఏడిస్తే ‘అలవాటవుద్దిలే’ అని నేనే గదిమాను. అది తలుచుకుంటే ముద్ద దిగట్లేదు.

మొన్న ఎదుర్లంక వంతెన దాటి కాకినాడలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. చుక్కలు వేసి, గంట కూర్చోబెట్టి చూశారు. కుడి కంటికి ఏమీ లేదు. ఎడమ కంటికి ప్లస్ 3.50! దూరం మసకైతే ఇచ్చే మైనస్ కాదండీ, దానికి ఉల్టా ప్లస్. మిషన్లోకి చూసేటప్పుడు చిన్నపిల్లల కన్ను బిగుసుకుంటుందట, చుక్కలు వేస్తేనే ఆ బిగువు వదులుతుందట, అవి వేయకుండా వచ్చిన నంబరు నమ్మకూడదట. పైగా ఎడమది లేజీ ఐ, అంటే చూపు మందగించిన కన్ను, అయ్యింది. “క్యాంపులో ఒక కన్ను మూసి చదివించారామ్మా?” అని డాక్టరమ్మ అడిగితే “లేదు, రెండిటితోనే” అంది పాప.

నిన్న డాక్టరమ్మ రాసిన కాగితం పట్టుకుని కొట్టుకెళ్లా. కొట్టాయన క్యాలిక్యులేటర్ మీంచి తల కూడా ఎత్తలేదు. “సెల్లు మీరే ఇస్తారు, కళ్లు పాడైతే మా మీద పడతారు” అన్నాడు. డబ్బులడిగితే “కోసిన అద్దం వెనక్కి తీసుకోం మేడమ్. ప్లస్ జత చేయించుకోండి, పది శాతం తగ్గిస్తా” అన్నాడు. ఎంత దయో! పక్కనుంచి పాప “అంకుల్, అవి పెట్టుకుంటే తల తిరిగేది” అంది. “బడి ఎగ్గొట్టడానికి అలాగే అంటావులే” అని నవ్వాడు. బేరానికొచ్చినోళ్లు కూడా నవ్వారు. నాకు నోట మాట రాలేదండీ. ఇంటికొచ్చాక వంద మాటలొచ్చాయి, ఏం లాభం?

సర్కారు బళ్లకైతే ఆర్బీఎస్కే (పిల్లల ఆరోగ్య పరీక్షల సర్కారు పథకం) వాళ్లొచ్చి చూస్తారు, వాళ్లకి అమ్ముకునేదేమీ ఉండదు. ఫీజులు కట్టి ప్రైవేట్లో వేసిన గొప్ప మాది.

అన్నట్టు, చీటీ వస్తే కొట్టుకి కాదు, కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. చుక్కలు వేసి చూడమనండి. ఇంట్లో ఒక్కో కన్నూ అరచేత్తో మూసి గోడ మీద క్యాలెండర్ చదివించండి. ఏడెనిమిదేళ్లు దాటితే మందగించిన కన్ను దారికి రావడం కష్టమట, మా దానికి ఏడు నిండబోతోంది. ఆ కన్ను పని చేసేలా రోజూ రెండు గంటలు మంచి కంటిని ప్యాచ్‌తో మూయాలి. ఇప్పుడే పీకి పారేసింది, వెళ్తున్నా.