చీమకుర్తి ఫ్యాక్టరీల సర్వే చేయించాను: ఐదుకు మూడున్నర

గ్రానైట్ కోసే బ్లేడ్లకు వేసే డైమండ్ సెగ్మెంట్లు, పాలిషింగ్ సామాను అమ్ముతాను, మాది ఒంగోలు. చీమకుర్తిలో గోడౌన్ పెడితే గిరాకీ ఎంత ఉంటుందో తేల్చమని ఒక సర్వే సంస్థకు పని అప్పజెప్పాను. కింద ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి పేరు రాయడం లేదు.

ఈ ప్రాంతంలో ఫ్యాక్టరీల జాబితా ఎవరి దగ్గర తెచ్చినా నమ్మడం కష్టం. బోర్డు ఉంటుంది, షెడ్డు ఉంటుంది, లోపల మిషన్ ఉండదు. అన్నదమ్ములు విడిపోతే ఒకే షెడ్డుకు రెండు పేర్లు. కళ్లు మూసుకుని అందులోంచి పేర్లు తీస్తే సర్వే కుర్రాళ్ల పెట్రోలంతా తాళాలు చూసి రావడానికే సరి. వీళ్లు అలా చేయలేదు. పాత సర్వేల్లో ఏ యూనిట్ నడుస్తూ కనిపించింది, ఏది మూతబడింది, ఎవరు జవాబిచ్చారు అన్న రికార్డుతో ఒక ప్రిడిక్టివ్ మోడల్ తయారుచేసుకున్నారు. రిజిస్ట్రేషన్ ఎప్పటిది, జీఎస్టీ పోర్టల్‌లో యాక్టివ్‌గా ఉందా, చివరి రిటర్న్ ఎప్పుడు వేశారు, ఫోన్ కలుస్తోందా అన్నవి చూసి అది ఒక్కో పేరుకూ మార్కు వేస్తుంది.

మార్కుల కంటే నాకు నచ్చింది, తక్కువ వచ్చినవాళ్లను అవతల పారేయకపోవడం. పెద్ద యూనిట్లను అన్నిటినీ తీసుకున్నారు. మిగతావాటిలో మంచి మార్కులున్న గుంపు నుంచి 4కి 1, తక్కువ గుంపు నుంచి 20కి 1 చొప్పున లాటరీ తీశారు. లెక్క కట్టేటప్పుడు ఆ రెండో గుంపులో ఒక్కరి జవాబు 20 మంది కింద లెక్క. అందుకే మోడల్ పొరబడినా అంచనా ఒక పక్కకే ఒరిగిపోదు, కాకపోతే అటూ ఇటూ ఊగడం పెరుగుతుంది. మంచి మార్కులవాళ్లనే అడిగి ఉంటే గెలాక్సీ రాయి (ఇక్కడి నల్ల గ్రానైట్) ఎగుమతిదారుల మాటే చీమకుర్తి మాట అయిపోయేది. వాళ్లు నా కొట్టు గుమ్మం ఎక్కరు.

ఇక ఫిర్యాదు. జీఎస్టీలో చిన్న వ్యాపారులకు ఉండే కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్న చిన్న కోత షెడ్లు నెలనెలా రిటర్న్ వేయవు. మూడు నెలలకోసారి పన్ను కట్టి, రిటర్న్ ఏడాదికోసారి వేస్తాయి. మోడల్‌కు ఈ తేడా తెలియదు. శుభ్రంగా నడుస్తున్న షెడ్లను మూతబడినవాటితో కలిపి కింది గుంపులో పడేసింది. నా అసలు ఖాతాదారులు వాళ్లే! తీసింది కొద్దిమందినే కదా, ఒక్క యజమాని "కొంటాం" అంటే అంచనా ఎగిరి కూర్చుంది. అడిగితే మేనేజర్ "అన్నా, రిజల్ట్ తప్పు కాదు, రేంజ్ పెద్దది" అన్నాడు. మాట నిజమే. కానీ అంత పెద్ద రేంజ్ పట్టుకుని గోడౌన్‌కు అడ్వాన్స్ ఎలా ఇస్తాను? గట్టిగా వాదించాక కాంపోజిషన్ వాళ్లను విడి గుంపు చేసి అదనంగా లాటరీ తీశారు. ఖర్చులో సగం నామీదే వేశారు, అందుకే ఒకటిన్నర మార్కు కోత. రంగురంగుల రిపోర్టు మాత్రం బాగుంది, మా అబ్బాయి తప్ప ఎవరూ తెరవలేదు.

చేయించుకునేవాళ్లు డబ్బు కట్టకముందే మీ ఖాతాదారులు రిటర్న్‌లు ఎలా వేస్తారో వాళ్లకు చెప్పండి. తక్కువ మార్కుల గుంపు నుంచి ఎంతమందిని తీస్తారో కాగితం మీద రాయించుకోండి. మీ జాబితాలో యాభై పేర్లే ఉంటే ఇదంతా అక్కర్లేదు, బండేసుకుని అందరినీ కలిసి రండి.