యూఎస్‌బీ–పారలల్ కేబుల్: బిల్లు కొడుతుంది, నిజం మాత్రం చెప్పదు

పాత పారలల్ ప్రింటర్‌ను కొత్త కంప్యూటర్ యూఎస్‌బీ సాకెట్‌కు కలిపే ఈ కేబుల్‌కు షాపింగ్ సైట్లలో రెండే రకాల రేటింగులు. తగిలించగానే కాగితం కదిలిందని ఐదు స్టార్లు ఇచ్చినవాళ్లు ఒకవైపు, పాత ప్రింటర్ పోర్టు పేరైన ఎల్‌పీటీ1 కనిపించలేదని ఒక్క స్టార్ పడేసినవాళ్లు ఇంకోవైపు. వేబ్రిడ్జి గదుల్లో, మందుల ఏజెన్సీల్లో, చిట్‌ఫండ్ ఆఫీసుల్లో పాత డాస్ ప్రోగ్రాముల కింద దీన్ని ఏళ్ల తరబడి నడిపాక చెబుతున్నాను, నా అసలు ఫిర్యాదు ఆ రెండు గుంపుల్లో ఎవరూ రాయలేదు. ప్రింటర్ ఆగిపోయిందన్న కబురు ప్రోగ్రామ్‌దాకా చేరదు. దాని సంగతి తర్వాత.

ముందు ఆ ఒక్క స్టార్ వాళ్లు అడుగుతున్నది. డివైస్ మేనేజర్‌లో పోర్టుల కింద ఎల్‌పీటీ1 రావాలని వాళ్ల ఆశ. రాదు, ఎంత వెతికినా రాదు. కేబుల్ తలలో ఉండే చిప్, చౌక రకాల్లో ఎక్కువగా సీహెచ్340 కుటుంబానిది, కొన్నిట్లో పీఎల్2305, విండోస్‌కు తనను యూఎస్‌బీ ప్రింటర్‌గా పరిచయం చేసుకుంటుంది. అందుకని అది యూఎస్‌బీ కంట్రోలర్ల జాబితాలో "యూఎస్‌బీ ప్రింటింగ్ సపోర్ట్" అన్న పేరుతో కూర్చుంటుంది, ప్రింటర్‌కు యూఎస్‌బీ001 అనే పోర్టు పుడుతుంది. పాత పారలల్ పోర్టుకు ఉండే హెక్స్ 378 చిరునామా, ఐఆర్‌క్యూ 7 (ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం) ఇవేవీ ఇందులో లేవు. ఏ డ్రైవర్ సీడీ వేసినా అవి పుట్టుకురావు. ఈ మధ్య అమ్ముతున్న డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లకు సొంత యూఎస్‌బీ ఉంటుంది కదా, దాని పరిస్థితీ ఇదే. కాబట్టి పాత 136 కాలమ్ ప్రింటర్ తీసేసి కొత్తది కొన్నా ఎల్‌పీటీ1 గొడవ మాత్రం తీరదు.

కొనేముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మీ ప్రోగ్రామ్ ఏ దారిలో ప్రింట్ కొడుతోంది? ఎల్‌పీటీ1 లేదా పీఆర్ఎన్ అన్న పేరు మీద తెరిచి రాసే ప్రోగ్రాములు, అంటే ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ భాషలో రాసిన చాలా బిల్లింగ్ ప్యాకేజీలు, ఈ కేబుల్ మీద సుఖంగా నడుస్తాయి. బయోస్ ద్వారా, అంటే 17 హెక్స్ ఇంటరప్ట్‌తో పంపేవి డాస్‌ను నడుపుతున్న పొర మీద ఆధారపడతాయి, ఒకచోట నడిచింది ఇంకోచోట నడవకపోవచ్చు. నేరుగా 378 చిరునామాకే బైట్లు తోసేవాటికి ఈ కేబుల్ దండగ. తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. కింద చెప్పే మ్యాపింగ్ (ఎల్‌పీటీ1 అన్న పేరును యూఎస్‌బీ ప్రింటర్‌కు కట్టడం) చేశాక కమాండ్ ప్రాంప్ట్‌లో ఒక టెక్స్ట్ ఫైల్‌ను ఎల్‌పీటీ1కు కాపీ కొట్టండి. అది కాగితం మీద పడి ప్రోగ్రామ్ బిల్లు పడకపోతే, మీది రెండో రకమో మూడో రకమో.

ఇక మ్యాపింగ్. ప్రింటర్ ఆన్ చేసి కేబుల్ పెట్టండి. ప్రింటర్‌ను చేత్తో యాడ్ చేసి పోర్టుగా యూఎస్‌బీ001, డ్రైవర్‌గా "జెనరిక్ / టెక్స్ట్ ఓన్లీ" ఎంచుకోండి. షేర్ చేయండి. షేర్ పేరు డీఎంపీ1 లాగా పొట్టిగా ఉండాలి, ఖాళీలు వద్దు, ఎనిమిది అక్షరాలు దాటొద్దు. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో

నెట్ యూజ్ ఎల్‌పీటీ1: \\కంప్యూటర్‌పేరు\డీఎంపీ1

అని కొట్టాలి, అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే అనుకోండి. దీన్ని అడ్మినిస్ట్రేటర్ ప్రాంప్ట్‌లో కొట్టొద్దు. అక్కడ చేసిన మ్యాపింగ్ మామూలుగా తెరిచిన ప్రోగ్రామ్‌కు కనబడదు. కమాండ్ విజయవంతమైందని వస్తుంది, బిల్లు రాదు, సగం మంది కేబుల్‌ను తిట్టుకునేది ఇక్కడే. ఎర్రర్ 67 వస్తే షేర్ పేరు తప్పు, 53 వస్తే కంప్యూటర్ పేరు దొరకలేదు, 85 వస్తే ఎల్‌పీటీ1 ఇప్పటికే వాడకంలో ఉంది. మదర్‌బోర్డు మీద నిజమైన పారలల్ పోర్టు హెడర్ ఉన్న డెస్క్‌టాప్‌లలో అదే ఎల్‌పీటీ1 పేరు పట్టుకుని కూర్చుంటుంది. బయోస్‌లో దాన్ని ఆపేయండి, లేదంటే ఎల్‌పీటీ2కు మ్యాప్ చేసి ప్రోగ్రామ్‌ను అటు తిప్పండి. రీబూట్ తర్వాత మ్యాపింగ్ నిలవడానికి పర్సిస్టెంట్ అన్న స్విచ్ ఉంది గానీ దాన్ని నమ్ముకోవద్దు. పాత మ్యాపింగ్ తీసేసి కొత్తది పెట్టే రెండు లైన్ల బ్యాచ్ ఫైల్‌ను స్టార్టప్ ఫోల్డర్‌లో పడేస్తే నిశ్చింత. నెట్‌వర్క్ లేని ఒంటరి కంప్యూటర్లలో కొన్ని ఈ కమాండ్‌ను ఒప్పుకోవు, వాటికి నెట్‌వర్క్ ఉన్నట్టు నటించే మైక్రోసాఫ్ట్ లూప్‌బ్యాక్ అడాప్టర్ ఇన్‌స్టాల్ చేస్తే సరి.

ఇంతవరకూ వచ్చాక కేబుల్ మీద ప్రేమ పుడుతుంది. ఈ దారిలో పోయే డేటా "రా" (RAW) రూపంలో, అంటే ఉన్నదున్నట్టు, ఒక్క బైట్ మారకుండా ప్రింటర్‌కు చేరుతుంది. ప్రింటర్‌కు ఆదేశంగా ప్రోగ్రామ్ పంపే 15 కోడ్‌తో అక్షరాలు సన్నబడి 80 కాలమ్ ప్రింటర్‌లో కూడా 137 దాకా పడతాయి. 18తో మామూలు సైజుకు వస్తాయి. 12 అంగుళాల కంటిన్యూయస్ కాగితాన్ని సగానికి వాడే ఆఫీసుల్లో 27, 67, 36 అన్న మూడు సంఖ్యలతో పేజీ 36 లైన్లకు కుదిరి, ప్రతి బిల్లూ చిల్లుల గీత దగ్గరే ఆగుతుంది. మూడు కార్బన్ల కింద కూడా అచ్చు పాత కంప్యూటర్ మీద పడినట్టే పడుతుంది. ప్రతి బిల్లు తర్వాతా అనవసరంగా ఒక ఖాళీ పేజీ తోస్తోందంటే ప్రింటర్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, ప్రింట్ ప్రాసెసర్‌లో చూడండి. అక్కడ "రా" పక్కన ఎఫ్ఎఫ్ (కొత్త పేజీకి తోసే ఆదేశం) అపెండెడ్ అనో ఎఫ్ఎఫ్ ఆటో అనో ఉంటుంది. ఒట్టి "రా" పెట్టండి. బిల్లు కొట్టినా కాగితం కదలక, ప్రోగ్రామ్ మూసేశాకే అన్నీ ఒకేసారి వస్తున్నాయంటే ప్రోగ్రామ్ పోర్టును వదలడం లేదని అర్థం. ప్రోగ్రామ్ సోర్స్ కోడ్ చేతిలో ఉంటే ఫాక్స్‌ప్రోలో బిల్లు చివర సెట్ ప్రింటర్ టూ అని ఖాళీగా రాస్తే చాలు.

ఇప్పుడు ఆ ఫిర్యాదు. నిజమైన పారలల్ పోర్టులో కాగితం అయిపోతే ఒక తీగ, ప్రింటర్ బిజీగా ఉంటే ఇంకో తీగ, ఆన్‌లైన్‌లో ఉంటే మరో తీగ కబురు మోసుకొచ్చేవి. కంప్యూటర్ ఆ కబురు విని "ప్రింటర్ సిద్ధంగా లేదు" అని చెప్పేది, గుమాస్తా కాగితం పెట్టేదాకా బిల్లు నంబరు ముందుకు కదిలేది కాదు. మ్యాప్ చేసిన ఎల్‌పీటీ1 వెనక ఉన్నది స్పూలర్, అంటే ప్రింట్ పనులను క్యూలో పెట్టే విండోస్ భాగం. దాని దగ్గరకు ఏది వచ్చినా తీసేసుకుని సరే అంటుంది. ప్రింటర్ సిద్ధమా అని అడిగే ఫంక్షన్లు, క్లిప్పర్ అనే మరో పాత భాషలో ఈజ్‌ప్రింటర్, ఫాక్స్‌ప్రోలో ప్రింట్‌స్టేటస్, ఇచ్చే జవాబు ఈ ఏర్పాటులో నమ్మదగ్గది కాదు.

దీనివల్ల ఒక వేబ్రిడ్జిలో ఏం జరిగిందో చెబితే తీవ్రత అర్థమవుతుంది. గది ఊడుస్తుంటే కేబుల్ ఊడింది. ఎవరో మర్యాదగా మళ్లీ పెట్టారు, కాకపోతే పక్క సాకెట్‌లో. ఇలాంటి చిప్పులకు సీరియల్ నంబరు ఉండదు, కాబట్టి సాకెట్ మారితే విండోస్ దృష్టిలో వచ్చింది కొత్త పరికరం. దానికి యూఎస్‌బీ002 ఇచ్చింది, "కాపీ 1" అన్న తోకతో ఇంకో ప్రింటర్ తయారు చేసింది. షేర్ అయి ఉన్నది పాత ప్రింటర్, మ్యాపింగ్ దానికే, దాని పోర్టు యూఎస్‌బీ001, అక్కడ ఎవరూ లేరు. ప్రోగ్రామ్‌కు ఇదేమీ తెలియదు. ధాన్యం లారీ కాటా ఎక్కింది, స్లిప్ కొట్టారు, రాలేదు. మళ్లీ కొట్టారు, రాలేదు. లారీ వాడు హారన్ మోగిస్తుంటే చేత్తో రాసిచ్చి పంపారు. తర్వాతి లారీకీ అంతే. మధ్యాహ్నం ఇంకెవరో కేబుల్‌ను పాత సాకెట్‌లోకి మార్చగానే పొద్దుటినుంచి క్యూలో ఉన్న స్లిప్పులన్నీ వరసగా పడ్డాయి, ఒక్కో లారీకి రెండు మూడు, అన్నీ అసలువే, ఏ ఒక్కదాని మీదా నకలు అన్న మాట లేదు. తూకం స్లిప్ మీద డబ్బు చేతులు మారే చోట ఇది చిన్న విషయం కాదు. సాయంత్రం లెక్కలో ఏ కాగితం దేనికి చేత్తో రాసిచ్చినదో విడదీయడానికి రిజిస్టర్ ముందేసుకుని కూర్చోవాల్సి వచ్చింది.

ఇలాంటప్పుడు చేయాల్సిన పని వరస ముఖ్యం. కేబుల్ ముట్టుకోకముందే ప్రింటర్ క్యూ తెరిచి పాజ్ చేయాలి, పేరుకున్నవి రద్దు చేయాలి. మొండికేస్తే స్పూలర్ సర్వీస్ ఆపి, సిస్టమ్32 కింద స్పూల్ ఫోల్డర్‌లోని ప్రింటర్స్‌లో ఉన్న ఫైళ్లు తుడిచి, మళ్లీ మొదలుపెట్టాలి. ఆ తర్వాతే పాత ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ ట్యాబ్‌కు వెళ్లి యూఎస్‌బీ002కు టిక్ మార్చాలి, లేదా కేబుల్ వెనక్కి పెట్టాలి. "యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్" టిక్ ఉండిపోయిందేమో చూసి తీసేయాలి. ముందుజాగ్రత్తగా కేబుల్‌ను సీపీయూ వెనకవైపు సాకెట్‌కు పెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టడం, పవర్ ఆప్షన్లలో యూఎస్‌బీని నిద్రపుచ్చే సెలెక్టివ్ సస్పెండ్‌ను ఆపడం మొదటిరోజే అయిపోవాలి. గుమాస్తాకు నేర్పాల్సింది ఒక్కటి: స్లిప్ రాకపోతే మళ్లీ కొట్టకుండా టాస్క్‌బార్‌లో క్యూ కిటికీ చూడటం. ప్రోగ్రామ్ సోర్స్ ఉన్నచోట రెండోసారి కొట్టే ప్రతిదాని మీదా నకలు అని పడేలా మార్పించండి. కేబుల్ చెప్పని సంగతి కాగితమైనా చెబుతుంది.

పైన ఆ ఆదేశ సంఖ్యలను, అంటే ఎస్కేప్ కోడ్లను, మెచ్చుకున్నాను గానీ, ఒక చిన్న సవరణ. చాలా పాత ప్రోగ్రాములు పేజీ పొడవు కోడ్‌ను తెరిచినప్పుడు ఒక్కసారే పంపుతాయి. మధ్యలో కరెంటు పోయి ప్రింటర్ ఆగి వస్తే, యూపీఎస్ మీద ఉన్న కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియదు, ప్రింటర్ తన సొంత సెట్టింగ్‌కు వెళ్లిపోతుంది, బిల్లులు గీత దాటి జరుగుతూ పోతాయి. ప్రింటర్ మెనూలోనే పేజీ పొడవును శాశ్వతంగా 6 అంగుళాలు చేయడం మేలు. ప్రతి బిల్లుకూ 27, 67 పంపించే ఏర్పాటు చేస్తే అది బిల్లు మొదట్లోనే ఉండాలి. ఆ కోడ్ అందిన చోటునే ప్రింటర్ పేజీ మొదలుగా తీసుకుంటుంది, బిల్లు మధ్యలో పంపితే అసలుకే మోసం.

ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి ఇంకా ఇబ్బందికరం. 16 బిట్ డాస్ ప్రోగ్రాములు నేరుగా నడిచింది 32 బిట్ విండోస్ 10 వరకే. దానికి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు 32 బిట్ రూపమే లేదు. అక్కడ వీడాస్, డాస్‌బాక్స్-ఎక్స్ లాంటి ఎమ్యులేటర్ కావాలి, వాటి ఎల్‌పీటీ1 వాటి సొంతం, కాన్ఫిగ్ ఫైల్‌లో దాన్ని బయటి ప్రింటర్‌కు కలపాలి. పక్క కౌంటర్ నుంచి కూడా ఇదే ప్రింటర్‌కు కొట్టేవాళ్లకు విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ ఇంకో దెబ్బ. ప్రో రకంలో ఎస్ఎంబీ సైనింగ్ (షేరింగ్ సందేశాలకు సంతకం వేసి సరిచూడటం) తప్పనిసరైంది, పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేరింగ్‌కు దారి మూసుకుపోయింది. ప్రింటర్ ఉన్న కంప్యూటర్‌లో పాస్‌వర్డ్‌తో ఒక లోకల్ యూజర్‌ను తయారు చేసి, ఆ వివరాలు రెండో కంప్యూటర్ క్రెడెన్షియల్ మేనేజర్‌లో పెట్టండి. సైనింగ్ ఆపేసే రిజిస్ట్రీ చిట్కాలు చాలా తిరుగుతున్నాయి, వాటి జోలికి పోవద్దు. బయటి కంపెనీల ప్రింటర్ డ్రైవర్లను ఒప్పుకోని విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్ అన్నది తనంతట ఆన్ కాదు. ఎవరైనా భద్రత పేరుతో ఆన్ చేశారా, ఇలాంటి ప్రింటర్లు పనిచేయవు.

కేబుల్ వద్దనుకుంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్ పారలల్ కార్డు ఉంది. నిజమైన ఎల్‌పీటీ వస్తుంది, పోర్ట్ సెట్టింగ్స్‌లో నంబరును ఎల్‌పీటీ1గా మార్చుకోవచ్చు. కానీ చిరునామా మామూలుగా 378 ఉండదు, అందుకని నేరుగా పోర్టుకు రాసే ప్రోగ్రాములు దానిమీదా నడవకపోవచ్చు. సన్నపు డెస్క్‌టాప్ అయితే లో ప్రొఫైల్ పట్టీ వచ్చిందో లేదో చూసి కొనండి. ల్యాప్‌టాప్‌లకు, మినీ పీసీలకు ఆ దారి లేదు.

నా వాడకం మటుకు ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, అక్షరాలు మాత్రమే ఉండే బిల్లులు, పేరు మీద పోర్టు తెరిచే ప్రోగ్రామ్. ఇలాంటి చోట కొన్ని వందల రూపాయల ఈ కేబుల్‌నే మళ్లీ కొంటాను. స్లిప్ నంబరుకు చట్టపరమైన బరువుండి, సోర్స్ మార్చే వీలూ లేకపోతే కార్డు వైపే మొగ్గుతాను. రోజుకు వందల బిల్లులు పడే కౌంటర్ అయితే అలమారాలో ఒక కేబుల్ అదనంగా ఉంచండి, అదే చిప్ ఉన్నది. సీరియల్ నంబరు లేకపోవడం ఇక్కడ మాత్రం మేలు చేస్తుంది. పాడైనది తీసి కొత్తదాన్ని అదే సాకెట్‌లో పెడితే విండోస్ తేడా పట్టదు, యూఎస్‌బీ001 అలాగే ఉంటుంది, మ్యాపింగ్ ముట్టుకోనక్కర్లేదు.