ఇ తు మామా తాంబియెన్, మోటార్‌సైకిల్ డైరీస్: ఏది ముందు చూడాలి?

ఈ రెండు సినిమాల్లోనూ నటుడు గాయెల్ గార్సియా బెర్నాలే ఉంటాడు. రెండింటిలోనూ ఇద్దరు కుర్రాళ్లు బండి తీసి ఊరు దాటతారు. ఒక్కటే చూసే తీరిక ఉంటే ఏది చూడాలని అడిగితే, నేను తడుముకోకుండా మొదటిదే చెబుతాను. ఇంట్లో అమ్మానాన్నలతో కూర్చుని చూడాలంటే మాత్రం రెండోదే. మొదటిదాన్ని మెక్సికోలోనే పెద్దలకు మాత్రమే అన్నారు.

వాల్టర్ సాలెస్ 2004లో తీసిన మోటార్‌సైకిల్ డైరీస్ మనసున్న సినిమా. 1952లో 23 ఏళ్ల ఎర్నెస్టో గెవారా, అతని నేస్తం అల్బెర్టో గ్రనాడో పాత నార్టన్ 500 మీద అర్జెంటీనా నుంచి బయల్దేరతారు. చిలీలో బండి మూలపడుతుంది, ఆ తర్వాత కాలినడకన, దొరికిన వాహనం పట్టుకుని సాగుతారు. ఈతదుస్తులు కొనుక్కురమ్మని ప్రియురాలు ఇచ్చిన 15 డాలర్లను ఎర్నెస్టో ప్రాణంలా దాచుకుంటాడు. ఆకలేసినా తియ్యడు, అల్బెర్టో బతిమాలినా తియ్యడు. చివరికి ఆ డబ్బు గని పని కోసం తిరుగుతున్న పేద జంట చేతికి వెళ్లిందని తెలిసినప్పుడు నాకు గొంతు పట్టేసింది. అయినా ఒక లోటుంది. ఆ అబ్బాయి రేపు చే గెవారా అవుతాడని మనకు ముందే తెలుసు. దారిలో జరిగే ప్రతిదీ అటువైపే నడిపిస్తుంది. ప్రేమ, కోరిక మొదట్లోనే వెనకబడిపోతాయి.

ఇ తు మామా తాంబియెన్‌లో (2001) కోరికే బండిని నడుపుతుంది. దర్శకుడు అల్ఫోన్సో కువరోన్, తమ్ముడు కార్లోస్ కలిసి రాశారు. టెనోచ్ అధికార పార్టీ పెద్దమనిషి కొడుకు, హూలియో మామూలు ఇంటి పిల్లాడు. లూయిసా అనే పెళ్లైన స్పెయిన్ యువతిని వెంట రప్పించుకోవడానికి ‘స్వర్గపు నోరు’ అనే సముద్రతీరం ఉందని అబద్ధం చెప్పి, ఆమె వస్తాననేసరికి కారెక్కుతారు.

వాళ్ల స్నేహంలోని బీటను ఈ సినిమా ఎంత చిన్న విషయంతో పట్టిస్తుందో చూడండి. టెనోచ్ ఇంట్లో మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక హూలియో వాసన పోవాలని అగ్గిపుల్ల గీస్తాడు. హూలియో ఇంట్లో టెనోచ్ కమోడ్ సీటును కాలితో ఎత్తుతాడు. ఒకరిది రెండోవాడికి తెలియదు. తర్వాత అమ్మాయిల విషయంలో నిజాలు బయటపడి తిట్టుకున్నప్పుడు, ఆ మంటకు ఇంధనం ఎప్పటినుంచి పోగవుతోందో మనకు అర్థమవుతుంది.

ఉన్నట్టుండి చప్పుడంతా ఆగిపోయి వ్యాఖ్యాత గొంతు వినిపిస్తుంది. కారు టెపెల్మెమె మీదుగా పోతుంది. టెనోచ్‌ను పెంచిన ఆయా లియో పుట్టిన ఊరది. నాలుగేళ్లొచ్చేదాకా ఆమెనే ‘అమ్మా’ అని పిలిచాడు. పక్కనున్నవాళ్లకు ఆ మాట కూడా చెప్పడు. ఇంకోచోట హోటల్లో ముగ్గురూ కబుర్లాడుతుంటే, ఇమ్మాన్యుయేల్ లుబెజ్కి కెమెరా వాళ్లను వదిలేసి ఒక ముసలామె వెంట వంటింట్లోకి పోతుంది. కుర్రాళ్లు చూడనిదాన్ని మనం చూస్తాం. నాకు ఈ సినిమా ఎక్కువ కావడానికి కారణం ఇదే. ఎర్నెస్టో కళ్లు తెరుస్తాడు, వీళ్లు తెరవరు. ఆ వయసులో చాలామందిమి తెరవలేదు.

కుదిరితే రెండుసార్లు చూడండి. రెండోసారి ఆ ముగ్గురినీ వదిలేసి కారు కిటికీ బయట చూడండి: దారి కాచిన సైనికులు, రోడ్డు పక్కన శిలువలు.