పళ్ల తెలుపు: చిట్కా రీలా, డెంటిస్టు వీడియోనా?

ఖర్చు: చూడటానికి రెండూ ఉచితమే. రీల్‌కు వంటింటి నిమ్మకాయ చాలు. డాక్టరు చెప్పే, పళ్లను తెల్లబరిచే పెరాక్సైడ్ జెల్‌కు డబ్బు కావాలి.

శ్రమ: రీల్ అరనిమిషం. రెండోదానికి ఓపిక ఉండాలి.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే. పీహెచ్ (పులుపు కొలత; ఎంత తగ్గితే అంత ఎక్కువ ఆమ్లం) 5.5 కంటే తగ్గితే ఎనామెల్, అంటే పంటి గట్టి పైపొర, కరగడం మొదలవుతుంది. నిమ్మరసానిది సుమారు 2. పోయిన ఎనామెల్ మళ్లీ పెరగదు. ఈ మాట చెప్పకుండా నిమ్మకాయ రుద్దమనడం అన్యాయం. మంచి డాక్టరు జివ్వుమనడం గురించీ, క్యాప్ పళ్లు తెల్లబడవనీ ముందే చెబుతారు. తన ప్యాకేజీ గురించే మాట్లాడితే మాత్రం ఆ వీడియోనూ నమ్మకండి.

ఇరానీ చాయ్, గుట్కా మరకలా? డాక్టరు వీడియో చూసి, క్లీనింగ్‌కు వెళ్లండి. నల్గొండ వైపు నుంచి వచ్చినవాళ్ల ఫ్లోరోసిస్ (నీటిలో ఎక్కువ ఫ్లోరైడ్ వల్ల వచ్చే) మచ్చలకు ఏ వీడియో చాలదు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీలో చూపించుకోండి. బ్రష్ తిప్పే పద్ధతి నేర్చుకోవడానికైతే రీల్ చాలు.