చిన్న హూప్ మిషన్‌తో ఫెల్ట్ వేలిబొమ్మలు: రెండేళ్లు పైన వాడాక

ముందే చెప్పేస్తున్నాను, జాకెట్ల వర్క్ కోసమైతే ఈ ఎంబ్రాయిడరీ మిషన్ కొనకండి. హూప్, అంటే బట్ట బిగించే చట్రం, 10 సెంటీమీటర్లు పొడవు, 10 వెడల్పు, అంతే. మెడ చుట్టూ డిజైను వేయాలంటే బట్ట విప్పి, జరిపి, మళ్లీ బిగించి, ఇలా నాలుగైదుసార్లు చేయాలి, ఎంత చూసి చేసినా ఎక్కడో ఒకచోట అతుకు కనబడుతుంది. శ్రీకాకుళంలో ఇంట్లో ఎంబ్రాయిడరీ మిషన్ ఉందని తెలిస్తే చాలు, వీధిలో వాళ్లు పట్టు జాకెట్లు పట్టుకుని వచ్చేస్తారు, "కంప్యూటర్ వర్కే కదమ్మా, ఇది అవ్వదేటి?" అని. అవ్వదు. 60 వేల పైన పెట్టి ఏం కొన్నావని మా పిన్ని ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది.

కానీ నేను కొన్నది ఫెల్ట్‌తో (నేయకుండా పోగుల్ని అదిమి చేసే బట్ట) వేలికి తొడిగే బొమ్మల కోసం. దానికి ఈ సైజు చక్కగా సరిపోతుంది. ఒక్కో బొమ్మ 5 సెంటీమీటర్ల వెడల్పు, 8 ఎత్తు లోపలే ఉంటుంది, కాస్త సన్నగా గీసుకుంటే ఒకే హూప్‌లో రెండు పడతాయి. పెద్ద హూప్ మిషన్‌కి రెట్టింపు డబ్బు పెట్టినా ఈ పనిలో ఒరిగేదేమీ లేదు. కంపెనీ పేరు రాయడం లేదు, ఈ సైజు ఇంటి మిషన్లు ఏ కంపెనీవైనా ఈ పని ఒకలాగే చేస్తాయి. తేడా డిజైను ఫైలు రకంలోనే. బ్రదర్ మిషన్లకి పీఈఎస్, జానోమ్ మిషన్లకి జెఫ్ ఫైలు ఇవ్వాలి. డిజైను కొనేటప్పుడు అది ఒక్కటి చూసుకోండి.

తెలియనివాళ్ల కోసం పని ఎలా నడుస్తుందో చెబుతాను. హూప్‌లో ముందు బట్ట బిగించం, కుట్టేటప్పుడు ఆసరాగా ఉండి తర్వాత చింపేసే రకం పేపరు (స్టెబిలైజర్) ఒక్కటే బిగిస్తాం. మిషన్ ఆ పేపరు మీద బొమ్మ ఆకారం గీత కుడుతుంది. గీత మీద ఫెల్ట్ ముక్క పెడితే దాన్ని పట్టేలా ఇంకో వరస కుడుతుంది, తర్వాత కళ్లు, ముక్కు, చారలు, ఏవుంటే అవి. ఆఖర్న హూప్ మిషన్ నుంచి తీసి (పేపరు విప్పకూడదు), తిరగేసి, వెనక్కి ఇంకో ఫెల్ట్ ముక్క అంటించి మళ్లీ తగిలిస్తే రెండు ముక్కల్నీ కలిపి చుట్టూ కుట్టేస్తుంది, కింద వేలు దూరే చోటు మాత్రం వదిలేసి. దారం రంగు మార్చమని మిషన్ ఎక్కడ ఆగుతుందో అక్కడే మనం బట్ట పెట్టాలి, అందుకే ఈ ఫైళ్లలో రంగు మారకపోయినా రంగు మార్పు పెట్టి ఉంచుతారు. వెనక ముక్క అంటించడానికి మెడికల్ షాపులో దొరికే పేపరు ప్లాస్టర్‌ని మించింది లేదు. స్ప్రే గమ్ జోలికి పోవద్దు, సూదికి జిగురు పట్టి దారం తెగుతూ ఉంటుంది. ప్లాస్టర్ కూడా మూలల్లోనే వేయండి, సూది దారిలో కాదు.

ఇందులో మిషన్ నడిచేది కొద్దిసేపే. మిగతాదంతా కత్తెర పని. కుట్టు బయట రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి చుట్టూ కత్తిరించాలి, చెవులూ ముక్కులూ ఉన్న బొమ్మైతే అక్కడ ఓపిక కావాలి. కత్తెరకి చిన్న మొన ఉండాలి, ఆ కత్తెరతో పేపర్లు కోయకూడదు, ఇంట్లో పిల్లలుంటే దాచుకోవాలి. లోపల మిగిలిన పేపరుని వేలితో, ట్వీజర్‌తో లాగేస్తాను, ఇరుకు మూలల్లో కాస్త ఉండిపోతుంది, ఉన్నా నష్టం లేదు. నీళ్లలో కరిగే రకం పేపరు వాడొచ్చని కొందరంటారు గానీ ప్రతి బొమ్మనీ తడిపి ఆరబెట్టాలి, మన వర్షాకాలంలో అది ఎప్పటికి ఆరాలి?

బొమ్మ బాగుందా లేదా అన్నది మిషన్ కంటే ఫెల్ట్ ఎక్కువ తేలుస్తుంది. ఇక్కడ స్టేషనరీ షాపుల్లో స్కూలు ప్రాజెక్టుల కోసం అమ్మే ఏ4 షీట్లు రెండు రకాలు. ఒకటి గట్టిగా అట్టలా ఉంటుంది, అది చూడ్డానికి బాగుంటుంది కానీ వేలికి తొడిగితే వంగదు, పిల్లలు నాలుగు రోజుల్లో పక్కన పడేస్తారు. రెండోది మెత్తనిది, మిల్లీమీటరు మందం, అదే కావాలి. మెత్తనివాటిలో కూడా దీపానికి ఎదురుగా పట్టుకుంటే వెలుతురు మచ్చలు మచ్చలుగా కనబడే షీట్లు ఉంటాయి, వద్దు, కుట్టు దగ్గర చిరుగుతాయి. ఒక ఏ4 షీటులో తొమ్మిది ముక్కలు వస్తాయి, అంటే ముందూ వెనకా కలిపి నాలుగు బొమ్మలు, ఒక ముక్క మిగులు. రంగులు ఎక్కువ కావాలంటే వైజాగ్ వెళ్లినప్పుడు తెచ్చుకుంటాను. ఉన్నితో చేసిన అసలు ఫెల్ట్ చాలా బాగుంటుంది, ధర చూసి ఆగిపోయాను, పైగా వేడినీళ్లు తగిలితే ముడుచుకుపోతుంది.

కుట్టు సెట్టింగుల్లో ఒక్క విషయం తప్పకుండా చూడండి. ఆఖరి చుట్టు కుట్టు పొడవు 2.5 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. 1.5 పెడితే ఫెల్ట్‌కి పోస్టల్ స్టాంపు అంచులా వరసగా చిల్లులు పడి, పిల్లాడు గట్టిగా లాగగానే ఆ గీత వెంబడే ఊడొస్తుంది. వేలు దూరే చోట రెండు చివర్లా కుట్టు ముందుకీ వెనక్కీ రెండుసార్లు వెళ్లాలి, లాగుడంతా అక్కడే. సూది సైజు 75/11, ఫెల్ట్ మరీ మందమైతే 90/14. ఆఖరి చుట్టుకి బాబిన్‌లో (కింది దారం చుట్టే కండెలో) కూడా బొమ్మ రంగు దారమే వేయండి, వెనకవైపు కనబడేది అదే. వేగం నేను నిమిషానికి 400 కుట్లు దాటనివ్వను.

డిజైన్ల సంగతికొస్తే, కొనడానికి దొరికేవన్నీ నక్కలు, ఎలుగుబంట్లు, రెండు కాళ్ల మీద నిలబడ్డ కుందేళ్లు. బాగానే ఉంటాయి. మా వదిన టెక్కలి వైపు అంగన్‌వాడీ టీచరు, "మా గుంటలకి (పిల్లలకి) తెలిసినవి ఏవైనా కుట్టు" అంది. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో, గీసినదాన్ని కుట్టు ఫైలుగా మార్చే ఇంక్‌స్టిచ్ అని ఒక ఎక్స్‌టెన్షన్ ఉంది, రెండూ ఉచితమే, దాంతో సొంతంగా గీసుకోవడం మొదలుపెట్టాను. నేర్చుకోవడానికి టైం పడుతుంది, మొదట్లో తలనొప్పే, కానీ డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ల ధరలు చూశాక ఆ తలనొప్పి నయమనిపిస్తుంది.

ముందు తేలినీలాపురం పక్షులు. ప్రతి చలికాలం అక్కడి చెట్ల మీద గూళ్లు కట్టే పెలికాన్లు (గూడబాతులు), పెయింటెడ్ స్టార్కులు (ఎర్రకాళ్ల కొంగలు) ఆ పిల్లలకి బాగా తెలుసు. పెలికాన్ సులువు, బూడిద రంగు ఒళ్లు, కింద సంచీ ముక్కు. స్టార్కే ఏడిపించింది. దానికి పొడవాటి పసుపు ముక్కు, అర సెంటీమీటరు కంటే సన్నగా ఉన్న ఫెల్ట్ ముక్క కత్తెరకి గానీ పిల్లల చేతులకి గానీ నిలవదు. అందుకే ముక్కుని బయటికి చాచకుండా ఛాతీ మీదికి వాల్చి దారంతోనే శాటిన్ కుట్టు (దగ్గర దగ్గరగా నింపేసే కుట్టు) వేయించాను, తోక దగ్గర గులాబీ రంగు. ముక్కు వాల్చి నిద్రపోతున్నట్టు ఉంటుంది, పిల్లలకి అదే నచ్చిందట. ఆ తర్వాత మన తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేలు, అది అన్నిటికంటే బాగా కుదిరింది, పై నుంచి చూసినట్టు గీస్తే గుండ్రటి డిప్ప, నాలుగు ఈత రెక్కలు, ఇరుకు మూలలే లేవు.

వాడకంలో ఎలా నిలిచాయి? అంగన్‌వాడీలో వాటిని తొడుగుతారు, లాగుతారు, నోట్లో పెట్టుకుంటారు, తొక్కుతారు. అంతా అయ్యాక కుట్లు ఊడినవి చాలా తక్కువ. ఫెల్ట్ పైన మాత్రం ఉండలు ఉండలుగా నూగు లేచిపోయింది, సబ్బు నీళ్లలో చేత్తో పిండి ఆరేస్తే ఆకారం పోలేదు గానీ కొత్తదనం పోయింది. పాలిస్టర్ దారం రంగు దిగలేదు. కళ్లకి బటన్లు, ప్లాస్టిక్ కళ్లు అతికించమని కొందరు అడుగుతారు, నేను అతికించను, చిన్నపిల్లలు పీకి మింగేస్తారు, కుట్టిన కళ్లే చాలు.

అమ్మాలనుకునేవాళ్లకి ఒక మాట. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. చేతివృత్తుల అభివృద్ధి కమిషనర్ ఆఫీసులో నమోదైన కళాకారులు సొంతంగా చేసి అమ్మే వస్తువులకి మినహాయింపు ఉంది. మిషన్ మీద కుట్టినవి అందులోకి వస్తాయా అన్నది ఆఫీసులో అడిగి తేల్చుకున్నాకే షాపులకి వేయండి. నేను అమ్మడం లేదు, వదినకీ చుట్టాలకీ ఇచ్చుకోవడంతోనే సరిపోతోంది.

ఇక చిరాకులు. 2018లో తిత్లీ తుఫాను చూసినవాళ్లం, కరెంటు మీద మాకు నమ్మకం తక్కువే. బొమ్మ మధ్యలో పవర్ పోతే ఈ మిషన్ ఎక్కడ ఆగిందో గుర్తుంచుకుంటుంది, హూప్ కదపకపోతే అక్కడి నుంచే కుడుతుంది. అయినా ఇన్వర్టర్ లైనుకే పెట్టాను. ఫెల్ట్ నూగు బాబిన్ గదిలో విపరీతంగా చేరుతుంది, ప్రతి కొన్ని బొమ్మలకీ బ్రష్‌తో తీయకపోతే కింద దారం చుట్టలు పడుతుంది. సర్వీసింగ్ మరీ కష్టం. ఇక్కడ ఎంబ్రాయిడరీ మిషన్ తెలిసిన మెకానిక్ నాకు దొరకలేదు, వైజాగ్ నుంచి మనిషి రావాలి, వస్తానన్న రోజున రాడు, ఫోను తీయడు. సెన్సర్ ఒకటి పోయినప్పుడు నెలల తరబడి మిషన్ మూలన పడి ఉంది.

కొనేటట్టయితే రెండో హూప్ మిషన్‌తో పాటే బేరంలో అడగండి. ఒకటి మిషన్ మీద ఉండగా రెండోదానికి పేపరు బిగించుకుంటే టైం కలిసొస్తుంది, తర్వాత విడిగా కొంటే ఆ ప్లాస్టిక్ ముక్కకి వేలల్లో చెబుతారు.